మూడో పందిరి గులాబీలు

గట్టెక్కిన నలభై ఒకటో ఏడు

మృగశిర కార్తె, రెండో రోజు

మూడో పందిరి, ఎడమ మొక్క: చిగురు నిండా పేనుబంక. ముట్టుకోలేదు.
మూడో పందిరి, కుడి మొక్క: నల్లమచ్చ, పదకొండు ఆకులు. ముట్టుకోలేదు.
ఐదో పందిరి, ఎడమ మొక్క: ఆకుల అడుగున ఎర్రనల్లి, సాలెగూడులాంటి పొర. ముట్టుకోలేదు.

పెద్ద పుస్తకంలో ఇలా రాస్తాను. ప్రతి వరస చివరా 'ముట్టుకోలేదు' అని రాయడానికే నన్ను పెట్టుకున్నారు. ఈ చిన్న పుస్తకం మాత్రం నా సొంతం. ఎనిమిదో తరగతి లెక్కల నోటుబుక్కులో మిగిలిపోయిన వెనక సగం. ఇందులో ఏం రాసినా ఎవరూ చూడరు, సంతకం పెట్టరు.

జోడుగెడ్డ గట్టు మీద ఏడు పందిళ్లున్నాయి. పైన అద్దపు గుడ్డ, చుట్టూ గోడ, లోపల మినుము, చిక్కుడు. ప్రతి పందిరి గుమ్మానికీ అటొకటి ఇటొకటి గులాబీ మొక్క. గాలిలో బూడిద తెగులు వస్తే ముందు గులాబీ ఆకు తెల్లబడుతుంది. తొమ్మిది రోజుల తర్వాత మినుము తెల్లబడుతుంది. ఆ లోపల గంధకం పొగ వేస్తే పంట దక్కుతుంది. ఆ తొమ్మిది రోజులే మా తిండి. అందుకే కావలి గులాబీకి మందు వెయ్యకూడదు, పురుగు ఏరకూడదు, మచ్చపడిన ఆకు తుంచకూడదు. జబ్బు పడటమే దాని పని.

మా అమ్మ కాలంలో గోడల మీద ముక్కులుండేవట. యంత్రాలు. అవి గాలి పీల్చి తెగులు పేరు చెప్పేవి. మంచు పట్టి ఒక్కొక్కటీ పోయాయి, బాగుచేసే సామాను ఎండలు మండే దిగువ నుంచి రాలేదు. వంటశాల గోడ మీది ముక్కుకి పైడమ్మత్త ఇప్పుడు గరిటెలు తగిలిస్తోంది.

బూడిద తెగులు కనిపించిన రోజు మాత్రం రాసి ఊరుకోకూడదు. మూడో పందిరి దగ్గర వేలాడే రైలు పట్టా ముక్కని కొట్టాలి. విన్న ప్రతి ఇల్లూ గరిటెతో కంచం మీద కొట్టి బదులు చెప్పాలి. అరవై నాలుగు ఇళ్లు. అన్నీ బదులిచ్చేదాకా నేను కొడుతూనే ఉండాలి. ఆ తర్వాత పందిట్లో గంధకం పొగ వేస్తారు. జబ్బుపడిన గులాబీని పీకి కాలుస్తారు. దాని చోట కొత్త కొమ్మ నాటుతాను. పువ్వు పూసే వయసు వచ్చేలోపే ప్రతి మొక్కా కాలిపోతుంది. ఈ గట్టు మీద గులాబీ పూయగా చూసినవాళ్లు లేరు.

మాట్లాడాల్సిన అవసరం రాని పని కదా అని, నాకు చదువు చెప్పిన సిస్టర్ క్లారా ఇది ఇప్పించారు.

మృగశిర, తొమ్మిదో రోజు

ఇవాళ వంటశాలలో మీటింగు. ఆరుద్రలో గంధకం బండి వస్తుందట. ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మన దగ్గర మిగిలింది రెండు బస్తాలు. ఒక పందిరికి, ఒక్క పొగకి సరిపోతాయి.

పందిళ్ల పెద్ద దాలినాయుడుగారు లేచి, మెట్టవలసలో ఏం జరిగిందో అందరికీ గుర్తు చేశారు. పోయిన ఏడు ఆయన అక్కడికి మేకపోతు కోసం వెళ్లారు. అక్కడి గులాబీలు బూజు పట్టి, ఆకులు రాలి, పుల్లల్లా ఉన్నాయట. బండి వాళ్లు వచ్చి చూసి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా ఆ ఊరు మూసేసి మనుషుల్ని దిగువకి దింపేశారు.

"రోగిస్టి మొక్కని సూపిస్తే ఎవుడైనా మందిస్తాడేటి?" అన్నారు. "సచ్చిపోయినోడికి సెలైనెందుకని ఎల్లిపోతాడు. మన గులాబీలు నిగనిగలాడాల. ఈ గట్టు బతికే గట్టు అని ఆళ్లకి కనపడాల."

అందరూ తలలూపారు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే ఆశ్చర్యం. పెద్ద పుస్తకం అట్ట లోపల ఒక అచ్చు కాగితం అంటించి ఉంది. అది ఊళ్లో నేను తప్ప ఎవరూ చదవలేదు. బండి ఇన్‌స్పెక్టరు గులాబీ ఆకులు లెక్కపెట్టాలనీ, వందకి పది మించి తెగులుంటే ఆరు బస్తాలివ్వాలనీ, అంతకు తక్కువైతే అవసరం లేదని రాసుకోవాలనీ అందులో ఉంది. కావలి గులాబీకి మందు వేసి పుస్తకం తప్పుగా రాస్తే, రాసిన మనిషిని దిగువకి పంపాలని చివరి వాక్యం.

"నాయుడుగారూ, కాగితంలో అలా లేదండి" అన్నాను.

గట్టిగా చెప్పమని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్లీ చెప్పాను. నా గొంతు ఈసారి ఇంకా తగ్గింది.

"ఆ గుంట మాట ఇనాలంటే దాని నోట్లో సెవెట్టాల" అంది పైడమ్మత్త. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నేనూ నవ్వి కూర్చున్నాను.

మీటింగు అయ్యాక నాయుడుగారు నా దగ్గరకు వచ్చారు. కాయితాల మాట వదిలెయ్యమన్నారు. కాగితం రాసినవాడు మెట్టవలస చూశాడా అని అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు పుస్తకాలు సదువుతావు కదమ్మా. గులాబీని బాగుసెయ్యడం నీకు తెల్సా?" అన్నారు.

తెలుసు అన్నాను. గట్టిగానే వినిపించింది.

మృగశిర, పదో రోజు

కాన్వెంటు అంటే ఇప్పుడు రెండు గదులు, ఒక అల్మారా, సిస్టర్ క్లారా. అల్మారాలో ఎప్పుడో చనిపోయిన ఒక సిస్టరు చేతిరాత పుస్తకం ఉంది. పైన 'తోట' అని రాసి ఉంటుంది. మిగతా పిల్లలు కథలు చదివే వయసులో నేను దాన్ని చదివాను. పేనుబంకకి కుంకుడు రసం. ఎర్రనల్లికి వేపనూనె, ఆకు అడుగున మాత్రమే. నల్లమచ్చ ఆకుల్ని ఎండ వచ్చాక తుంచి కాల్చాలి, కింద పడెయ్యకూడదు. బూడిద తెగులు రాకుండా అయిదు రోజులు పులిసిన మజ్జిగ, ఒకటికి తొమ్మిది వంతుల నీళ్లు. నాకు ఇదంతా కంఠస్థం. ఒక్కసారీ చేసి చూడలేదు. చెయ్యకూడని పనుల పుస్తకాన్ని ఎనిమిదేళ్లు చదువుకున్నాను.

వంటశాలకి వెళ్లి మజ్జిగ అడిగాను.

"పులిసిపోయింది ఏటి సేసుకుంటావే? తలకేటి?" అంది పైడమ్మత్త.

"మొక్కలకి."

"మనుసులకి నీళ్ల మజ్జిగ, మొక్కలకి సిక్కటిదీ. మేకలకి తెలిస్తే పాలు ఎగ్గొడతాయి." అంటూనే కుండ అడుగున ఉన్నదంతా చెంబులోకి వంచింది.

కుంకుళ్లు నా తలస్నానానికి దాచుకున్నవి. వేపనూనె సిస్టర్ మోకాళ్లకి రాసుకునేది, కొద్దిగా తెచ్చాను, చెప్పే తెచ్చాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

మూడో పందిరి ఎడమ మొక్కతో మొదలుపెట్టాను. చిగురుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కిందినుంచి పైకి లాగితే పేనుబంక పచ్చటి ముద్దగా వచ్చింది. మూడేళ్లుగా అవి ఆ చిగుళ్లను పీల్చడం చూస్తూ రాస్తున్నాను. వేళ్లు కడుక్కోవాలనిపించలేదు.

పెద్ద పుస్తకంలో రాశాను: పేనుబంక లేదు. ముట్టుకోలేదు.

ఆరుద్ర కార్తె, ఆరో రోజు

పదకొండు రోజులైంది. రోజూ పొద్దున్నే పద్నాలుగు మొక్కలు. పాతగుడ్డని మజ్జిగ నీళ్లలో ముంచి ఒక్కో ఆకూ పైనా కిందా తుడుస్తున్నాను. కొత్త ఆకులు ఎర్రగా పుట్టి, రెండు రోజుల్లో ముదురు పచ్చకి తిరుగుతున్నాయి. ఆకుకి ఇంత మెరుపు ఉంటుందని నాకు తెలియదు. తుడిచి తుడిచి మజ్జిగ వాసన నా జాకెట్టుకి పట్టింది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటున్నారు. నాకు అదీ బాగానే ఉంది.

ఇవాళ మూడో పందిరి ఎడమ మొక్క కొస మీద, ఆకుల మధ్య, చిన్న ఆకుపచ్చ గుండులాంటిది కనిపించింది. ముందు కాయతొలిచే పురుగు గూడేమో అనుకున్నాను. 'తోట' పుస్తకంలో బొమ్మతో పోల్చి చూశాను.

మొగ్గ.

సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ చిన్నప్పుడు గుంటూరు దగ్గర గుడిలో పీఠం మీద గులాబీలు పెట్టేవారట. వాసన గుమ్మం దాకా వచ్చేదట. "అది విచ్చితే చెప్పు లూర్దూ, కర్ర పట్టుకుని నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

ఆరుద్ర, పదకొండో రోజు

బండి వచ్చింది. ఇన్‌స్పెక్టరు నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ముఖం దిగువ ఎండకి పెచ్చులు లేచి ఉంది. మెడలో భూతద్దం. ఒక్కో మొక్క దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని వంద ఆకులు లెక్కపెట్టింది. దాలినాయుడుగారు వెనక చేతులు కట్టుకుని నడుస్తున్నారు. కొత్త పంచె కట్టుకున్నారు.

మూడో పందిరి దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. మొగ్గని చూసింది. లేచి మోకాళ్లు దులుపుకుంది.

"ఈ ఏడు పదహారు గట్లు తిరిగానండి. ఇంత శుభ్రమైన ఆకు ఎక్కడా లేదు" అంది. నాయుడుగారి ముఖం వెలిగింది. ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను అడిగింది. "వీటికి ఏమైనా వేస్తున్నారా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా పదిసార్లు అనుకున్నాను, రెండు రకాలుగా.

"ముట్టుకోలేదండి" అన్నాను.

పెద్ద పుస్తకం తెరిచి చూపించాను. ఆవిడ వేలితో పేజీలు కిందికి దిగుతూ చదివింది. నా దస్తూరీ బాగుంటుంది. కాన్వెంటు దస్తూరీ.

ఆవిడ తన కాగితం మీద ఒక మాట రాసి నాయుడుగారి చేతిలో పెట్టింది. అవసరం లేదు, అని ఉంది.

"బస్తాలేవమ్మా?" అన్నారు ఆయన.

"మీకు అక్కర్లేదు కదండీ. తెగులున్న గట్లకే చాలడం లేదు."

"మరి మెట్టవలస? మొక్కలు సచ్చిపోయి ఉంటే మూసీసేరు గదా."

"మెట్టవలసకి ఆరు బస్తాలిచ్చామండి. వాళ్ల ఊట ఎండిపోయింది. నీళ్లు లేకపోతే గంధకం ఏం చేస్తుంది?"

నాయుడుగారు నా వైపు చూశారు. నేను చెబుతానని ఆయన, ఆయన చెబుతారని నేను. అట్ట లోపలి చివరి వాక్యం నాకు కనిపిస్తోంది. ఆయనకి అది తెలియదు, కానీ మందు వేయించింది తనేనని తెలుసు. బండిలో బస్తాలు పసుపు పచ్చగా దుమ్ము కారుస్తున్నాయి. అవి వేరే గట్టువి. మేకల్ని పక్కకి తోలి బండికి దారి ఇచ్చాం.

బండి మలుపు తిరిగాక నాయుడుగారు మెట్టు మీద కూర్చున్నారు. "అమ్మా, ఆ కాయితంలో ఏటుందో ఆ రోజు సెప్పవలసింది" అన్నారు.

చెప్పాను అనలేదు. ఆయన వినలేదు, నేను చెప్పలేదు, రెండూ నిజమే.

మజ్జిగ ఆపెయ్యమన్నారు. మొక్కల్ని వాటి మానాన వదిలెయ్యమన్నారు. రెండు బస్తాలున్నాయి, తెగులు ముందుగా పట్టుకుంటే చాలన్నారు. ఎప్పుడు వచ్చినా అది మొదట కొండ గండిలోంచి గాలి తగిలే మూడో పందిరికే వస్తుంది. ఒక్క పందిరికి రెండు బస్తాలు సరిపోతాయి. కళ్లు పెట్టి చూడమన్నారు.

సరే అన్నాను.

పునర్వసు కార్తె, మూడో రోజు

పన్నెండు మొక్కలకి ఆపేశాను. పేనుబంక రెండు రోజుల్లోనే తిరిగి వచ్చింది. ఎక్కడికీ పోనట్టే వచ్చింది.

మూడో పందిరి రెండు మొక్కలకీ ఆపలేదు. మొగ్గ బఠాణీ నుంచి రేగుపండంత అయింది. పైన ఆకుపచ్చ తొడుగు చీలి లోపల ఎరుపు గీత కనిపిస్తోంది. ఇప్పుడు తెగులు తగిలితే అది విచ్చదు, గోధుమరంగుకి తిరిగి తలవాల్చేస్తుందని పుస్తకంలో ఉంది. కుడి మొక్కకి ఎందుకంటే, ఒకదానికి పోసి పక్కదాన్ని వదిలేస్తే తెగులు అటునుంచి ఇటు వస్తుంది కాబట్టి. నేను ఆలోచించే చేస్తున్నాను. తెలియక చెయ్యడం లేదని ఇక్కడ రాసిపెడుతున్నాను.

రేపు ఆపుతాను. వారం నుంచీ రేపే.

పెద్ద పుస్తకం: మూడో పందిరి, ఎడమ, కుడి. ఆకులు శుభ్రం. ముట్టుకోలేదు.

పునర్వసు, ఎనిమిదో రోజు

విచ్చింది. ఎరుపు అంటే ఇంకో రకంగా అనుకున్నాను. అంచుల్లో నల్లగా ఉంది, లోపల ఎండిన రక్తంలా. రేకులు లెక్కపెట్టాను. ఇరవై ఆరు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మజ్జిగ వాసన తప్ప ఏమీ లేదు. నా చేతులదేమోనని కడుక్కుని వచ్చి మళ్లీ చూశాను. లేదు. కావలి గులాబీని జబ్బు తొందరగా పట్టేలా పల్చటి ఆకుతో తయారుచేశారు. వాసన సంగతి ఎవరికీ అవసరం పడి ఉండదు.

సిస్టర్‌కి చెప్పలేదు. ఆవిడ కర్ర పట్టుకుని అంతదూరం వచ్చి వాసన కోసం వంగుతారు.

మజ్జిగ ఇవాళ్టితో ఆపేశాను.

పునర్వసు, పన్నెండో రోజు

పొద్దున మూడో పందిరి ఎడమ మొక్క మీద ఐదు ఆకులు తెల్లబడ్డాయి. వేలితో రాస్తే పిండిలా వచ్చింది. పట్టా దగ్గరకు పరిగెత్తబోయి, ఎందుకో ముందు తలుపు తీసి లోపలికి వెళ్లాను.

నడిమి సాళ్లలో మినుము తెల్లగా ఉంది. ఆకు, కాడ, పిందె. ఎవరో బియ్యప్పిండి జల్లెడ పట్టినట్టు. ఆ చివరిదాకా నడిచాను. నాలుగో పందిరికి మధ్యలో ఉన్న తలుపు తీశాను. అక్కడా ఉంది, గుమ్మం దగ్గరి గులాబీలకి తగలకుండా లోపలి నుంచే పాకింది.

వెనక్కి లెక్కపెట్టాను. తొమ్మిది రోజుల కిందట అంటే పునర్వసు మూడు. ఆ రోజు పెద్ద పుస్తకంలో ఏం రాశానో చూడక్కర్లేదు.

పట్టా కొట్టాను. అరవై నాలుగు కంచాలు మోగాయి. ఆఖరిది సిస్టర్ గది నుంచి. ఆవిడకి గోడ మీది కంచం అందడానికి టైము పడుతుంది.

పుష్యమి కార్తె, ఐదో రోజు

మూడు, నాలుగు పందిళ్లు పీకేశాం. రెండు బస్తాలూ అయిదో పందిరిలో కాల్చారు, అది దక్కింది. మూడో పందిరిలో పునర్వసు మూడున కాల్చి ఉంటే ఆ రెండే సరిపోయేవి. ఈ మాట ఎవరూ అనలేదు. ఆ తారీకు నాకొక్కదానికే తెలుసు.

తెగులు మిగలకుండా పద్నాలుగు గులాబీలూ పీకి కాల్చారు, వాటితో పాటు పువ్వు కూడా మంటలో పడింది. అప్పటికే రేకులు రాలుతున్నాయి. పైడమ్మత్త మాత్రం చూసింది. "దీనికోసమేటే, ఇన్నాళ్లూ పీకి కాల్చుకున్నాం? మందారానికి సగం లేదు" అంది.

మీటింగులో దాలినాయుడుగారు తప్పంతా బండి వాళ్లదన్నారు. గంధకం ఎగ్గొట్టారన్నారు. బండిని పంపే స్టేషనుకి ఫిర్యాదు రాస్తున్నామన్నారు. తర్వాత నన్ను లేపి నిలబెట్టారు.

"ఈ పాప పుస్తకం సూడండి. ఒక్క రోజు తప్పలేదు. తెగులు గులాబీ మీదకి రాకుండా నేరుగా మినుముకి వచ్చీసింది. ఇది కొత్త రకం తెగులు. ఈ పుస్తకమే మనకి సాచ్చీకం."

ఆయన దాన్ని నమ్ముతున్నారు. ఆరుద్ర పదకొండుతో మజ్జిగ ఆగిపోయిందనే ఆయన అనుకుంటున్నారు. వాళ్లు చప్పట్లు కొట్టారు. నోరు తెరిచాను. ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు. నేను ఏడుస్తాననుకుని పైడమ్మత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

సాయంత్రానికి జాబితా అంటించారు. రెండు పందిళ్ల తిండి తగ్గితే ముప్ఫై ఒక్కమంది దిగాలి. అరవై దాటినవాళ్లు ముందు. అది ఎప్పటినుంచో ఉన్న నియమం, ఎవరూ వాదించలేదు. ముసలివాళ్లందరూ గెడ్డ చల్లదనం తగిలే తూర్పు వరసలో ఉంటారు. పంతొమ్మిది ఇళ్లు. సిస్టర్ క్లారా పేరు పద్నాలుగోది. అరవై ఎనిమిదేళ్లు.

దిగువకి వెళ్లినవాళ్లు ఉత్తరాలు రాస్తారు. మొదటి వేసవి దాకా.

పుష్యమి, ఏడో రోజు

సిస్టర్ సామాను సర్దుకుంటున్నారు. రెండు చీరలు, జపమాల, మోకాళ్ల నూనె సీసా. సీసాలో సగం నేను వాడేసిందే. నేను మంచం పక్కన నేలమీద కూర్చున్నాను, తరగతిలో కూర్చున్నట్టు.

"సిస్టర్, బండి వెళ్లాక కూడా నేను మజ్జిగ పోశాను."

"ఎన్నాళ్లు?"

"పదకొండు రోజులు."

"నాయుడు పొయ్యమన్నాడా?"

"ఆపమన్నారు."

ఆవిడ చీర మడత విప్పి మళ్లీ పెట్టారు. "మరి ఎందుకు?"

"మొగ్గ ఉంది."

"విచ్చిందా?"

"విచ్చింది."

"నాకు చెప్పలేదే."

"వాసన లేదు సిస్టర్."

ఆవిడ జపమాల తీసి చీరల మీద పెట్టారు. కోప్పడతారేమోనని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా. నన్ను క్షమించమని అడిగాను.

"దానికి ఫాదర్ ఉండాలి. ఇక్కడ ఫాదర్ లేరు" అన్నారు. "నేను టీచర్ని. తప్పు రాస్తే నేనేం చేయించేదాన్ని?"

"సరిచేసి మళ్లీ రాయించేవారు."

"రాయి మరి. రాసి ఎవరికి చూపించాలో వాళ్లకి చూపించు. నా బదులు నువ్వు దిగుతావేమో అని మాత్రం అనుకోకు. వాళ్లు నిన్ను దింపినా నన్ను ఉంచరు. ఆ లెక్క వేరు." కర్ర అందుకుని లేచారు. "వాసన లేకపోయినా నేను వచ్చి చూసేదాన్ని అమ్మాయ్."

ఆశ్లేష కార్తె, రెండో రోజు

దిగువ బండి పొద్దున వచ్చి వెళ్లింది. సిస్టర్ ముందు వరసలో కూర్చున్నారు, ఆవిడకి వాంతులవుతాయని. కంచం గోడకే వదిలేశారు. కింద వాళ్లే ఇస్తారట. చెయ్యి ఊపారో, ఎండకి అడ్డం పెట్టుకున్నారో తెలియలేదు.

రాయడం పూర్తయింది. పెద్ద పుస్తకంలో మృగశిర పది నుంచి పునర్వసు ఎనిమిది దాకా ఇరవై ఏడు రోజులు. ప్రతి 'ముట్టుకోలేదు' మీదా ఒక గీత, పక్కన 'ముట్టుకున్నాను'. ఏం పోశానో, ఎన్ని ఆకులు తుంచానో. గీతలు స్కేలు పెట్టి గీశాను.

దాలినాయుడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన నిలబడే చదివారు. ఆరుద్ర పేజీలు తొందరగా తిప్పేశారు, అవి ఆయనకి తెలిసినవే. పునర్వసు దగ్గర ఆగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆయన తల్లి పేరు జాబితాలో ఇరవై రెండోది.

"నన్ను పంపించండి" అన్నాను.

ఆయన పుస్తకం మూశారు. "నిన్నంపితే ఎందుకంపేరని అడుగుతారు. సెప్పాల. పునర్వసు సంగతి సెప్తే ఆరుద్ర సంగతి బయటికొస్తాది. బండి మనిసికి అబద్దం సెప్పిన గట్టుకి వచ్చే ఏడు బండే రాదు" అన్నారు. "ఎల్లమ్మా. కొమ్మలు నాటుకో."

పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశారు. స్టేషనుకి ఫిర్యాదు వెళ్లదు. ఇంకో పెట్టె నుంచి కొత్త పుస్తకం తీసి ఇచ్చారు. అట్ట లోపల అదే అచ్చు కాగితం అంటించి ఉంది.

మఖ కార్తె, ఆరో రోజు

కొత్త పుస్తకం, మొదటి పేజీ.

ఒకటో పందిరి, కుడి మొక్క: కొత్త కొమ్మ, తొమ్మిది ఆకులు. చిగురు కింద పేనుబంక. రెండో ఆకు మీద బూడిద తెగులు, మినప గింజంత. ముట్టుకోలేదు.

నిజంగానే ముట్టుకోలేదు.

ఇవాళ్టి నుంచి తొమ్మిది రోజులు. గట్టు మీద గంధకం లేదు. అయినా నియమం నియమమే కాబట్టి మూడో పందిరి దగ్గరకు నడిచి పట్టా కొట్టాను. ఖాళీ పందిరిలో అది ముందుకంటే గట్టిగా మోగింది.

వంటశాలలో పైడమ్మత్త కంచం మొదట బదులిచ్చింది. తర్వాత పడమటి వరస, మేకల దొడ్డి పక్క ఇళ్లు, దాలినాయుడుగారి ఇల్లు. నలభై అయిదు లెక్కపెట్టాను. ఎవరూ బయటకు రాలేదు. వచ్చి చెయ్యడానికి ఏమీ లేదు.

అన్ని ఇళ్లూ బదులిచ్చేదాకా కొట్టాలి. మళ్లీ కొట్టాను. నలభై అయిదు. తూర్పు వరస తలుపులు వేసి ఉన్నాయి. ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంది, సిస్టర్ గదిది. లోపల గోడ మీద కంచం ఇక్కడికి కనిపిస్తోంది.

నాయుడుగారు గుమ్మంలోకి వచ్చి చాలు అన్నట్టు చెయ్యి ఎత్తారు.

మళ్లీ కొట్టాను.